తొమ్మిదో పెట్టె పట్టీ

తొమ్మిదో పెట్టెకు బిగించిన పట్టీ కోసి, మూత ఎత్తి, పైవరుసలో ఉన్న చేప కంటి ముందు బొటనవేలు ఆనించగానే వేలు గాడిలో దిగబడింది. ఆసుపత్రి వంటశాలకు వెళ్లాల్సిన దాము చేపల మధ్య విషపు బాతి చేప పడుకుని ఉంది.

ఒకటి కాదు, వెతికితే నాలుగు.

దాము ఎర్రగా ఉంటుంది. బాతి కూడా ఎర్రగానే ఉంటుంది. ఐసులో పక్కపక్కన పెడితే కవల పిల్లలనుకుంటారు. తేడా ఒక్కటే. బాతికి ముక్కు దగ్గర్నుంచి కంటి దాకా లోతైన గాడి ఉంటుంది. దాని ఒంట్లో విషానికి రంగూ వాసనా లేవు. వండితే పోదు, గడ్డకట్టించినా పోదు. తిన్నవాడికి ఒళ్లు తిమ్మిరెక్కుతుంది, చన్నీళ్లు తాకితే నిప్పు తాకినట్టు కాలుతుంది. నెలల తరబడి అదే బాధ. రోగంతో మంచాన ఉన్నవాళ్లు తింటే లేచేది అనుమానమే.

"తొరికా!" అని అరిచాను.

తొరికా మా అన్న కూతురు. మా యనుసా దీవిలో చేపల కేంద్రం నడిపేది ఆ పిల్లే. రాజధాని సువా రేవు గట్టు మీద ఆ చివర నిలబడి తూకాలు చూసుకుంటున్నది, నా గొంతు విని పరుగెత్తుకొచ్చింది. చేపను చూసింది. నా వేలున్న చోట తన వేలు పెట్టి చూసింది. చంకలోని పుస్తకం తీసి వేలితో వరసలు చదివింది.

"పద్నాలుగు పెట్టెలొచ్చాయి. ఆరు లారీలో వెళ్లిపోయాయి. అన్నీ ఆసుపత్రికే" అంటూ ఫోను చెవిన పెట్టుకుంది. "డ్రైవరన్నా, ఎక్కడున్నావు? బండి పక్కకి ఆపు. ఆపాక మాట్లాడు. ఒక్క పెట్టె దిగకూడదు. ఆరూ వెనక్కి తీసుకురా."

నలభై నిమిషాల్లో లారీ తిరిగొచ్చింది. పద్నాలుగు పెట్టెలూ గట్టు మీద బోర్లించి ఒక్కొక్క చేపకూ నా వేలితో పరీక్ష చేశాం. మిగతా అన్నింట్లో ఎక్కడా బాతి లేదు. నాలుగూ తొమ్మిదో పెట్టెలోవే.

"బుర్రంటే అదీ! పుస్తకంలో వేలు పెట్టింది, బండి ఆపేసింది. మీ పిల్ల లేకపోతే ఏమయ్యేది, నెమానీ!" అన్నాడు రేవు కూలీ ఒకడు.

నా వేలు గురించి ఎవడూ మాట్లాడలేదు. నాకు కడుపు మండిపోయింది.

ఇరవై రెండేళ్లు యనుసాలో చేపలు కొన్నది నేను. కన్ను నొక్కి చూసేవాణ్ణి, మొప్ప ఎత్తి చూసేవాణ్ణి. తీసుకో అంటే తీసుకోవడమే, పారెయ్ అంటే పారెయ్యడమే. రెండేళ్ల కిందట ఈ పిల్ల సువాలో చదువు ముగించుకుని వచ్చింది. వెనకే ఐసు యంత్రం వచ్చింది. చేప ఎంత బరువో అంత ఐసు వెయ్యాలంది. చేప ఏ పగడపు దిబ్బ దగ్గర పడింది, ఎవరు పట్టారు, ఎంత చలిలో ఉంది, అన్నీ చీటీ మీద రాయాలంది. గీత పెట్టిన కర్ర ఒకటి గుమ్మానికి వేలాడదీసింది. ఆ గీతకన్నా పొట్టి చేప తెస్తే సొంత మేనమామనైనా వెనక్కి పంపేది. గుడ్లు పెట్టే రెండు నెలలూ కొనడమే మానేసింది. జనం మొదట తిట్టారు, తర్వాత చేపలు పెరిగాయని మెచ్చుకున్నారు. నన్ను త్రాసు దగ్గర కూర్చోబెట్టింది.

మొన్న సోమవారం సువా నుంచి అధికారులొచ్చి ఫొటో తీసుకున్నారు. నేనూ వెళ్లి నిలబడ్డాను. "పెద్దాయనా, కొంచెం పక్కకి జరుగు, యంత్రం కనబడటంలేదు" అన్నాడు ఫొటో తీసేవాడు.

జరిగాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

గట్టు మీద చేపలన్నీ మళ్లీ ఐసులో సర్దాక తొరికా నన్ను లాంచి నీడకు తీసుకెళ్లింది.

"చిన్నాన్నా, పట్టీ వేసిన పెట్టె సువాలో తెరవకూడదని రాసి పెట్టాను. తెరిస్తే చలి పోతుంది. ఎందుకు తెరిచావు?"

"చంపుతావా నన్ను ప్రశ్నలతో? తెరిచాను కాబట్టే బతికిపోయావు."

"అది కాదు నేనడిగింది."

అబద్ధం చెప్పాలనుకున్నాను. ఆ పిల్ల కళ్లు మా అన్న కళ్లలా ఉంటాయి, కుదరలేదు. "ప్రతి ట్రిప్పులోనూ నువ్వు చూడకుండా ఒకటి తెరుస్తాను. నీ తప్పు ఒక్కటైనా దొరుకుతుందేమోనని. రెండేళ్లలో దొరకలేదు. ఇవాళ దొరికింది."

ఆ పిల్ల కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"ఇంకో మాట చెప్పు. మొతుబాలో లాంచి ఆగినప్పుడు పెట్టెల దగ్గర ఎవరున్నారు?"

అక్కడ ఉండాల్సింది నేను. మంగళవారం మధ్యాహ్నం యనుసాలో బయలుదేరిన లాంచి మూడింటికి మొతుబా దీవిలో కొబ్బరి ఎక్కించుకోవడానికి ఆగింది. ఫొటో మంట నాకింకా చల్లారలేదు. ఈ పిల్ల పెట్టెలకు నేను కాపలా ఏమిటని దిగిపోయి, అక్కడ చేపలు పట్టే ఎమోరి ఇంటి చాప మీద కూర్చుని, వేరు దంచి నీళ్లలో కలిపే మత్తు పానీయం యంగోనా తాగాను. లాంచి కూత వేసేదాకా లేవలేదు. ఆ మాటే చెప్పాను.

తొమ్మిదో పెట్టెకు నేను కోసి పడేసిన ప్లాస్టిక్ పట్టీ తొరికా నా చేతిలో పెట్టింది. ఒకసారి బిగిస్తే కోస్తే తప్ప రాని పట్టీ, దాని మీద అంకె ఉంటుంది. "యనుసాలో నేను బిగించినది ఇది కాదు. నా పుస్తకంలో వేరే అంకె ఉంది. ఎవరో కోసి, చేపలు మార్చి, కొత్తది బిగించారు. పట్టీల సంచి నీ భుజానే ఉంటుంది చిన్నాన్నా."

"అంటే నేనేనా?"

"నేననలేదు. ఆసుపత్రి వాళ్లు అంటారు. ఎలా జరిగిందో, ఎవరు చేశారో శనివారంలోపు కాగితం మీద ఇవ్వాలట. ఇవ్వకపోతే మన చేప మరి కొనరు. వాళ్లు కొంటారనే ఐసు యంత్రం మనకిచ్చారు. వాళ్లు మానేస్తే యంత్రం ఊడదీసి ఇంకో దీవికి పట్టుకుపోతారు. ఎవరో తేలకపోతే..." ఆగింది. "నీ పేరే రాయాలి."

పట్టీ తిప్పి చూశాను. అంకె ఏడుతో మొదలైంది. మా పట్టీలన్నీ మూడుతో మొదలవుతాయి.

తొరికా రాకముందు, యంత్రం ఏ దీవికివ్వాలో తేల్చడానికి పెట్టిన సమావేశానికి వెళ్లింది నేను. రెండు దీవులు పోటీలో ఉన్నాయి. అలవాటు చేసుకోమని రెంటికీ పట్టీల కట్టలిచ్చారు. మూడుతో మొదలయ్యేవి మాకు. ఏడుతో మొదలయ్యేవి మొతుబాకు. ఆ కట్ట తీసుకున్నవాడు నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు, కొత్త చొక్కా తొడుక్కుని.

ఎమోరి.

చెప్పాను. తొరికా వెంటనే కలం తీసింది.

"రాస్తావా? తౌవూ మీద కాగితం రాస్తావా?" అన్నాను.

కలం ఆగిపోయింది. సువాలో చదివినా పిల్ల యనుసాదే. మా రెండు దీవులదీ మూలపురుషుడు ఒక్కడే. వాళ్లు మాకు తౌవూలు, మేము వాళ్లకు తౌవూలం. పుట్టుకతోనే మేలమాడే వరస. వాడు నన్ను ఎంత మాటన్నా నవ్వాలి. వాడు నా పంది కోసుకుపోయినా, నా పెట్టెలో చేప తీసుకుపోయినా నవ్వాలి. నేనూ వాడి ఇంట్లో కనబడ్డది పట్టుకుపోవచ్చు. తౌవూ మీద ఫిర్యాదు చేసినవాడు మా దీవుల్లో ఇంతవరకూ లేడు. మొదటివాణ్ణి నేనైతే నా శవాన్ని మోయడానికి కూడా ఎవరూ రారు.

"తీసుకుపోతే నవ్వుతాం. విషం పెడితే కూడా నవ్వాలా?" అంది తొరికా.

"నవ్వాలి. నవ్వుతూనే కక్కించాలి. తౌవూ వండి పెట్టింది వద్దనడానికి వాడికి హక్కు లేదు."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. అర్థం చేసుకుంది. "ఆ బాతి పొలుసు కూడా కుండలో పడకూడదు. దానికి ఒప్పుకుంటేనే నేను వస్తాను."

"పడదు."

"ఆయన ఉత్తినే మొండికేసి తినేస్తే?"

"తింటే నా అనుమానం తప్పు. నా పేరు రాసుకో."

సువా బజారులో తనకు తెలిసినవాళ్ల దగ్గర తొరికా మంచి దాము ఒకటి కొంది. గాడి లేదని నా చేత రెండుసార్లు తడిమించింది. గురువారం తెల్లారాక లాంచి పొయ్యి మీద కొబ్బరిపాలు పోసి నేనే వండాను. నాలుగు బాతులూ పెట్టెలో ఐసు కిందే ఉన్నాయి.

మొతుబా దగ్గరపడేకొద్దీ మనసు ఎమోరి చుట్టూ తిరిగింది. మంగళవారం వాడు ఆడిన హాస్యాలు ఒక్కొక్కటీ మళ్లీ వినబడ్డాయి. "కప్పల్లాంటి మీరు, ఐసు వచ్చేసరికి రాజులైపోయార్రా." "మీ పిల్ల ఐసుతో స్నానం కూడా చేస్తుందటగా?" అప్పుడు పగలబడి నవ్వాను. ప్రతి మాటా ఐసు దగ్గరికే ఎందుకు పోతోందో ఆలోచించలేదు. నా సొంత నోట్లోంచి రెండేళ్లుగా వచ్చే మాటలూ అలాంటివే కదా, అందుకే వాటిలో అసూయ వాసన తెలియలేదు.

ఎమోరి ఇంటి ముందుకు వెళ్లగానే లోపల్నుంచి కేక వచ్చింది.

"రారా యనుసా పీతా! ఇంకా చావలేదూ?"

"నిన్ను పూడ్చకుండా ఎలా చస్తానురా మొతుబా బల్లీ!"

గుమ్మంలోకి వచ్చాడు. ఏనుగంత మనిషి. నా వెనక తొరికాను చూసి ఒక్క క్షణం నవ్వు ఆగి, మళ్లీ వచ్చింది. "ఓహో, థర్మామీటరమ్మ కూడానా! నాకు జ్వరమేమో చూడు తల్లీ."

"నోట్లో పెట్టుకుంటావా మావయ్యా? చేపలకు పెట్టినదే ఉంది" అంది తొరికా.

ఎమోరి భార్య కెలేరా పడీపడీ నవ్వి చాప పరిచింది. యంగోనా కలిపారు. ఎమోరి కొబ్బరిచిప్ప నింపి నాకిచ్చాడు. ఆచారం ప్రకారం ఒకసారి చప్పట్లు కొట్టి తాగి, మూడుసార్లు కొట్టాను. అన్నీ మామూలుగానే జరిగాయి. అప్పుడు తొరికా అరిటాకు కప్పిన కుండ తెచ్చి ఎమోరి మోకాళ్ల ముందు పెట్టింది. కుండ చెవికి ఒక చీటీ కట్టి ఉంది. తొమ్మిదో పెట్టె చీటీ.

"ఏమిటిది?" అన్నాడు.

"నీకోసమే వండానురా. మొన్న నాకు చిప్ప మీద చిప్ప యంగోనా పోశావు కదా, రుణం ఉంచుకోకూడదని తెచ్చాను. కొబ్బరిపాలు వేశాను, తిను" అన్నాను.

"ఇప్పుడే తిన్నాను."

"అబద్ధాలకోరు! పొద్దుట్నుంచి కర్రపెండలం ముక్క తప్ప ఏమీ తినలేదు. చేప తేలేదని నన్ను సతాయిస్తున్నాడు" అంది కెలేరా.

"విన్నావా? తౌవూ పెట్టింది కాదంటావా? మొతుబా వాళ్లు పళ్లూడిపోయిన ముసలాళ్లయ్యారని లాంచి మీద అందరికీ చెప్పమంటావా?"

చీటీ వైపు చూశాడు. చూపు తిప్పుకున్నాడు. "ఏ చేప?"

"ఎర్రది."

"ఎక్కడిది?"

"పెట్టెలోది. మా పిల్ల పట్టీ వేసిన పెట్టెలోది. ఇంతకన్నా మంచి చేప ఎక్కడుంటుంది?"

నవ్వాడు. కుండను నా వైపు కొంచెం నెట్టాడు. నుదుటి మీద చెమట పట్టింది. తొరికా అరిటాకు తీసింది. కొబ్బరిపాల వాసన ఇల్లంతా పాకింది.

"అబ్బ, దామే! నువ్వు తినకపోతే పో, నేనే తింటాను" అంటూ కెలేరా చేయి ముంచి ఓ ముక్క తీసింది.

ముక్క పెదవి దాకా వెళ్లింది.

ఎమోరి చేయి విసిరాడు. దెబ్బకు ముక్క గోడకు తగిలింది, కుండ దొర్లిపోయింది, పాలు చాప మీద పారాయి. కెలేరా బిత్తరపోయి మొగుణ్ణి చూసింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమె మీద అతని చేయి లేవలేదని దీవిలో అందరూ ఎరుగుదురు.

"ఏమైంది నీకు?" అంది.

వాడు ఆమెను చూడలేదు. లేచి లోపలికి వెళ్లి, చూరులో దోపి ఉంచిన యంగోనా వేళ్ల మోపు తెచ్చి నా ముందు నేల మీద పెట్టాడు. తప్పు ఒప్పుకునేవాడు పెట్టేది అదే. పెట్టి తల వంచాడు. చేత్తో ఆ మోపును తాకాను. తాకితే వింటానని అర్థం.

"కుండలో ఉన్నది మంచి చేపే మావయ్యా. బాతులు పెట్టెలో ఉన్నాయి" అంది తొరికా మెల్లగా.

వాడు కళ్లు మూసుకున్నాడు.

"నేనే పెట్టానురా తౌవూ" అన్నాడు. "నువ్వు ఇక్కడ తాగుతుంటే కొబ్బరి బస్తాలు చూసొస్తానని లేచి వెళ్లాను. గాలివైపు దిబ్బలో పొద్దున పడ్డ నాలుగు బాతులు పారేయడానికి ఉంచినవి ఉన్నాయి. పట్టీ కోశాను, నాలుగు దాములు తీసి నాలుగు బాతులు పెట్టాను. నా దగ్గర మిగిలిపోయిన పట్టీ బిగించాను. అంకె చూడాలని కూడా తోచలేదు. ఎవరినీ చంపాలని కాదు. కెలేరా మీద ఒట్టు. సువాలో నువ్వు పెట్టె తెరుస్తావు, వేలు పెడతావు, దొరుకుతుంది అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా నువ్వు వేలు పెట్టని చేప సువాలో దిగలేదు కదా. యనుసా పెట్టెలో బాతి దొరికిందని రేవంతా నవ్వాలి, ఈ పిల్ల తల దించుకోవాలి, అంతే అనుకున్నాను. పట్టీ ఉంటే తెరవరని, నీ వేలు మాన్పించేశారని నాకేం తెలుసు? నువ్వైనా చెప్పలేదు. చెబితే నీకు చిన్నతనమని చెప్పలేదు కదూ?

"ఆ దాములు నేను తినలేదు. తినాలనే తెచ్చాను. ముక్క గొంతు దిగలేదు. కొబ్బరిచెట్టు కింద పాతేశాను.

"మా బావి ఉప్పెక్కింది. మీకు మంచినీళ్ల వాగు ఉంది. అందుకే మీకిచ్చారు యంత్రం, తెలుసు నాకు, తప్పు ఎవరిదీ కాదు. తెలిస్తే మాత్రం ఏం లాభం? నా చేప మధ్యాహ్నానికి మెత్తబడిపోతుంది, సాయంత్రం సముద్రంలో పారేస్తాను. మీ చేప పెళ్లికొడుకులా పెట్టెలో కూర్చుని నా రేవు మీదుగా పోతుంది. ప్రతి మంగళవారం. పెట్టెల అడుగునుంచి కరిగిన నీళ్లు నా గట్టు మీదికి కారతాయి. మీరు చూడరు, మీకవి మురికినీళ్లు. మీరు ఎక్కి వెళ్లిపోయాక వట్టికాళ్లతో వెళ్లి ఆ నీళ్లలో నిలబడతాను. రెండేళ్లుగా నిలబడుతున్నాను. బాతి తిన్నవాడికి చన్నీళ్లు కాలతాయంటారు. నేను ఏనాడూ తినలేదురా తౌవూ. అయినా ఆ నీళ్లు నా అరికాళ్లను కాల్చేవి."